సంచి ముందు, మేము వెనక

మొన్న పిల్లలకి సెలవులిచ్చిన రోజున ఎదురింటి టైలరమ్మ తన గుమ్మంలో నిలబడి నన్ను కేకేసింది.

"ఏమండీ, ఈ ఏడు మా ఇంట్లో సంచి పెట్టరా?"

"చూద్దాంలే" అని లోపలికి వచ్చేశాను. ఆవిడ తప్పేం లేదు. సంచి పెట్టే మనిషి కార్తీకంలోనే పోయిందని టైలరమ్మకీ తెలుసు. తెలిసే అడిగింది. నాకు మాత్రం ఆ రోజంతా ఇంకో పని తోచలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పోయినావిడ మా వియ్యపురాలు, అంటే మా కోడలి తల్లి. ఊరు పాలకొల్లు. నేనావిడని వదినగారూ అనేదాన్ని, ఆవిడా నన్ను వదినగారూ అనేది. పేరు రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆవిడకి నచ్చేది కాదు. "పేరు రేషన్ కార్డుకండీ. మనుషులకి వరసలున్నాయి కదా" అనేది.

మా ఇద్దరికీ మొదట్లో పడేది కాదు. నాది నోటి దురుసు. ఆవిడది మెత్తటి మాట, కాని అనుకున్నది జరిగేదాకా వదలదు. నాలాంటి వాళ్ళు అరిచి ఓడిపోతారు. ఆవిడ అరవకుండా గెలిచేది. కొన్నాళ్ళు చూశాక నేను ఆవిడతో పోట్లాడటం మానేసి, ఆవిడ ఇవాళ ఎవరిమీద గెలుస్తుందా అని చూడటం మొదలుపెట్టాను. అందులో సుఖం ఉంది.

ఏటా పిల్లల పరీక్షలైపోయిన సాయంత్రానికి రామచంద్రపురంలో మా ఇంటి ముందు ఆటో దిగేది. గుమ్మం బయట చెప్పులు విడిచి, వంగి, వాటిని వీధివైపు తిప్పి పెట్టేది.

"అదేంటండీ వదినగారూ, వచ్చీ రాగానే పోతారా?" అని అడిగాను ఒకసారి.

"నేనొక్కదాన్నే పోతానా? మిమ్మల్నందర్నీ తీసుకుని పోతాను" అంది.

వేసవిలో కారు ప్రయాణం మా ఇంటికి ఆవిడ పెట్టిన అలవాటే. మా అబ్బాయిది కొబ్బరికాయల వ్యాపారం. ఏడుగురు పట్టే కారు కొన్నది వ్యాపారం పనుల మీద తిరగడానికి. డిక్కీలో ఎప్పుడూ కొబ్బరి పీచే. ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇందులో మనమంతా పడతాం కదా" అన్న మొదటి మనిషి ఆవిడ. ఆ మాట మాకెవరికీ తోచలేదు.

ఇక సంచి సంగతి. ఆవిడ మంచి గడియ చూడనిదే గడప దాటదు. ఆ మంచి గడియ ఏమిటో ఎప్పుడూ తెల్లవారకుండానే వచ్చేది. మా మనవరాలూ మనవడూ ఎండ మంచం మీదికి వచ్చి కాళ్ళు కాలితే తప్ప లేచేవాళ్ళు కాదు. మా కోడలు వాళ్ళని లేపబోతే ఇంట్లో యుద్ధం. బయల్దేరే ముందే అందరి మొహాలూ మాడిపోయేవి. దీనికి ఆవిడ కనిపెట్టిన మందు సంచి. కనిపెట్టిందంటే, పాతకాలంలో ఉన్నదే. పెద్దవాళ్ళు దాన్ని ప్రస్థానం పెట్టడం అనేవారు. మనిషి బయల్దేరే వీలు లేనప్పుడు మంచి గడియకి వాళ్ళ బట్ట ఒకటి మూటగట్టి పక్కింట్లో పెట్టి వస్తారు. ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. మనిషి తర్వాత తాపీగా వెళ్ళి ఆ మూట తీసుకుని అటునుంచి అటే పోవచ్చు. మా వదినగారు బట్టల కొట్టువాళ్ళిచ్చిన పసుపుపచ్చ సంచిలో ఒక్కొక్కరిదీ ఒక్కో బట్ట మడిచి, గుప్పెడు బియ్యం, ఒక పసుపుకొమ్ము వేసి, తెల్లవారుజామున వీధి దాటి టైలరమ్మ ఇంట్లో పెట్టి వచ్చేది. వచ్చి కాఫీ పెట్టుకుని తాగేది. "పడుకోనీండి పిల్లల్ని. మనం బయల్దేరిపోయాం" అనేది.

ఒక ఏడు ఆ సంచి తీసుకోవడం మరిచిపోయి మారేడుమిల్లి వెళ్ళిపోయాం. మిగతావాళ్ళకి పోయింది ఒక్కో బట్టే. మా మనవడు మాత్రం బద్ధకానికి తన బట్టలన్నీ అందులోనే కుక్కాడు. అక్కడున్నన్నాళ్ళూ వాడు వాళ్ళ నాన్న లుంగీ కట్టుకుని తిరిగాడు. వాళ్ళక్క కనబడ్డ చెట్టు దగ్గరల్లా నిలబెట్టి ఫోటోలు తీసింది.

"ఏం పర్లేదురా నాన్నా, నీ లుంగీ చూసి అడవిలో దోమలు కూడా నువ్వు పెద్దమనిషివనుకుంటాయి" అంది ఆవిడ.

"అవి కుడుతూనే ఉన్నాయమ్మమ్మా" అన్నాడు వాడు.

ఎక్కడికి వెళ్ళాలో తేల్చడం బయల్దేరడం కంటే కష్టం. పిల్లలు ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్ళు. వీడు గోవా అంటాడు, అది ఊటీ అంటుంది.

"గోవాలో ఏముందిరా?" అని ఆవిడ అడిగేది.

"సముద్రం అమ్మమ్మా."

"అంతర్వేదిలో ఉన్నదేంటి మరి? చెరువా?"

అందరూ నవ్వుతుండగా ఊరు తేలిపోయేది. ఊరికంటే ఆవిడకి ముఖ్యం దారి. దారికి ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుంది. మనిషికో స్టాపు. చిన్నా పెద్దా తేడా లేదు. ఎవరి స్టాపు వాళ్ళిష్టం. అక్కడ ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండొచ్చు. మిగతావాళ్ళు నోరెత్తకూడదు. విసుక్కున్నవాళ్ళ స్టాపు రద్దు. ఎవరి స్టాపూ ఇంకొకరికి ఇచ్చుకోకూడదు.

ఈ పద్ధతి వచ్చాక కారులో గొడవ సగం తగ్గింది. మా కోడలు తుని దగ్గర మామిడిపళ్ళ బుట్టల ముందు ఆపించి, ఒక్కో పండూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తూ గంట కూర్చున్నా మా అబ్బాయి కిక్కురుమనేవాడు కాదు. నా స్టాపు ఎప్పుడూ ఒకటే, శుభ్రమైన మరుగుదొడ్డి. పిల్లలు నవ్వేవాళ్ళు. నవ్వనీండి. నా వయసు వస్తే వాళ్ళకే తెలుస్తుంది.

ఆవిడ స్టాపు మాత్రం మాకెవరికీ అర్థమయ్యేది కాదు. గుడీ లేదు, కొట్టూ లేదు. ఏ చేను పక్కనో హఠాత్తుగా ఆపించి, దిగి, కాస్త దూరం నడిచి, మాకు వీపు పెట్టి నిలబడేది. ఒకసారి నేనూ దిగి వెళ్ళాను.

"ఏం చూస్తున్నారండీ?"

"ఏమీ లేదండి. ఎవరూ నన్ను పిలవకుండా కాసేపు నిలబడదామని."

నేను పిలిచినట్టే అయింది కాబట్టి నోరు మూసుకుని వెనక్కి వచ్చేశాను.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. చదవగలను గాని నలుగురిలో నోరు తిరగదు. ఆ సంగతి ఆవిడకి నేను చెప్పలేదు. కారు ఏ ఊరు దగ్గరికి వచ్చినా, "వదినగారూ, ఆ బోర్డు ఏ ఊరో చూడండి, నాకు కళ్ళద్దాలు లేవు" అనేది. కళ్ళద్దాలు ఆవిడ ముక్కు మీదే ఉండేవి. నేను కూడబలుక్కుని పిఠాపురం అనేలోగా పిఠాపురం దాటిపోయేది. "ఆ, పిఠాపురమే" అని తల ఊపేది. పిల్లలు ఒక్కసారి కూడా నవ్వలేదు. వాళ్ళకి ముందే చెప్పి పెట్టిందని నా అనుమానం.

ఆవిడకి ఇంకో పాత పట్టింపు ఉంది. అల్లుడితో ఎదురుగా మాట్లాడేది కాదు. కోపం కాదు, మర్యాద. ఒకే కారులో, వెనక సీట్లో కూర్చుని, "అల్లుడుగారిని కాస్త నెమ్మదిగా పోనిమ్మనమ్మా" అని కూతురికి చెప్పేది. మా కోడలు పక్కనున్న మొగుడికి చెప్పేది. "బ్రేకు మీదే కాలుందని అత్తయ్యగారికి చెప్పు" అని వాడనేవాడు. ఇద్దరికీ అన్నీ వినపడుతూనే ఉండేవి. మధ్యలో మా కోడలు పోస్టాఫీసు. పెళ్ళయిన నాటినుంచీ ఇదే తంతు.

మనవరాలు పదో తరగతి రాసిన ఏడు ఆ తంతు కాస్తా చెడింది.

పరీక్షలై నాలుగు రోజులు తిరక్కుండానే విజయవాడ కాలేజీవాళ్ళు ఫోను చేశారు. వచ్చే సోమవారం పిల్లని హాస్టల్లో దింపాలి, బ్రిడ్జి కోర్సు మొదలు. రెండేళ్ళు ఇక సెలవులన్న మాట లేదు. పండక్కి పంపితే పంపుతారు, లేకపోతే లేదు. మా అబ్బాయి సరేనన్నాడు. ఈ ఏడు ప్రయాణం లేదు, పిల్ల ఇంట్లో కూర్చుని లెక్కలు తిరగేసుకోవాలి అని ఇంట్లో చెప్పేశాడు. వాడు చెడ్డవాడు కాదు. పదో తరగతి తప్పి, మీసాలు రాకముందే కొబ్బరి తోటల వెంట పడ్డవాడు. కూతురు తనలా అయిపోతుందేమోనని వాడి భయం. భయపడేవాడితో వాదించి లాభం లేదు. నేను అరిచి చూశాను. నాకు అలవాటే, వాడికీ అలవాటే.

 మనవరాలు నోరు మూతపడని పిల్ల. ఆ వారం ఫోను మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చునేది. వెనకనుంచి చూస్తే ఫోను తెర నల్లగా ఉండేది.

మనవడి పరీక్షలు కూడా అయిపోయిన సాయంత్రం ఎప్పట్లాగే మా వదినగారు దిగింది. కూతురి నోట సంగతంతా వింది. మర్నాడు పొద్దున్న మా అబ్బాయి బీరువా ముందు నిలబడి కేకలు.

"నా తెల్ల చొక్కా ఏదే?"

మా కోడలు వాళ్ళమ్మ వంక చూసింది. ఆవిడ కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండానే, "అల్లుడుగారి చొక్కా మంచి గడియలో బయల్దేరిందని చెప్పమ్మా" అంది.

"ఎక్కడికి?" అన్నాడు వాడు.

"అరకుకని చెప్పమ్మా" అంది ఆవిడ.

నాకు నవ్వాగలేదు. వాడికి రాలేదు. "ఆ సంచి వెనక్కి తెప్పించు" అన్నాడు భార్యతో.

"పెట్టిన సంచి ప్రయాణం కాకుండా వెనక్కి తేకూడదమ్మా, మీ ఆయనకి చెప్పు" అంది ఆవిడ.

"నేనే తెస్తానని మీ అమ్మకి చెప్పు" అని వాడు చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటి వెళ్ళి సంచి తెచ్చాడు. తన చొక్కా తీసుకుని సంచి బల్ల మీద పడేశాడు. కూతురి చున్నీ సగం బయటికి వచ్చి వేలాడింది. ఎవరూ సర్దలేదు. ఆవిడ ఓడిపోవడం నేను చూడటం అదే మొదలు. చూస్తే నాకు బాగుంటుందని ఎప్పుడో అనుకునేదాన్ని. బాగోలేదు.

ఆ సాయంత్రం వాడు హాల్లో కుర్చీలో కూర్చుని కాలేజీవాళ్ళతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. స్పీకరు పెట్టుకున్నాడు. "ఇప్పుడే తీసుకొచ్చేయండి సార్, ముందొచ్చినవాళ్ళకి మంచి బ్యాచ్ ఇస్తాం" అంటున్నాడు అవతలివాడు. "అలాగే సార్, రేపే తీసుకొస్తాను" అన్నాడు మా వాడు.

వంటింటి గుమ్మంలో కర్టెను కదిలింది. ఆవిడ ఇవతలికి వచ్చింది. చెంగు భుజం మీదుగా నిండా కప్పుకుని, మా కోడల్ని దాటుకుని, నన్ను దాటుకుని, నేరుగా వాడి ఎదురుగా నిలబడింది.

"బాబూ" అంది.

వాడు కుర్చీలోంచి లేచిపోయాడు. ఎవరో లాగినట్టు లేచాడు. ఫోను చేతిలో "సార్, సార్" అంటూనే ఉంది.

"పిల్లని చదివించొద్దని నేననను బాబూ. నాకంత తెలీదు. కాని ఇది అప్పగింతలే కదా. పెళ్ళిలో అప్పగింతలకి ముందు ఆడపిల్లకి కడుపునిండా అన్నం పెట్టి పంపుతాం. నా కూతుర్ని నీకిచ్చేముందు ఆ వేసవంతా దాన్ని ఎక్కడికీ కదలనివ్వలేదు, పక్కలో పడుకోబెట్టుకున్నాను. అందుకే నువ్వు తీసుకెళ్ళిన రోజున ఏడుపు రాలేదు. నువ్వు పెట్టకుండా పంపేస్తున్నావు. తర్వాత నీకే ఆకలేస్తుంది."

అంతే.  వాడు ఫోను కట్టేశాడు. నిలబడే ఉన్నాడు. 

"సోమవారం పొద్దున్నకి విజయవాడలో ఉండాలండీ అత్తయ్యగారూ" అన్నాడు చివరికి. "ఆదివారం సాయంత్రానికి ఇంటికొచ్చేద్దాం. సరేనా?"

ఆవిడ అప్పటికే మా కోడలివైపు తిరిగిపోయింది. "మీ ఆయన్ని కూర్చోమనమ్మా, ఎంతసేపు నిలబడతారు" అంది.

ఆ ఏడు సంచి మళ్ళీ ఎదురింటికి వెళ్ళలేదు. గడియలు చూసే వ్యవధి లేదు. మర్నాడు పిల్లలు లేచినప్పుడే బయల్దేరాం. కత్తిపూడి దగ్గర హైవే ఎక్కాం. మా అబ్బాయి స్టాపు అన్నవరం. కూతురి చదువు కోసం మొక్కుకుని, విస్తరాకు పొట్లంలో ప్రసాదం తెచ్చి అందరికంటే ముందు తనే తినేశాడు. మా కోడలిది మామూలే, తుని మామిడి. మనవడిది బొర్రా గుహలు. అందులో వాడు అరిచిన అరుపుకి గబ్బిలాలు లేచాయి. అరకులో మబ్బు కిటికీలోంచి లోపలికి వచ్చింది. మా వదినగారు దాన్ని చేత్తో తోసి, "కాళ్ళు తుడుచుకోకుండా లోపలికి వచ్చేస్తుందేంటిది" అంది. మనవరాలు పకపకా నవ్వింది. ఆ వారంలో ఆ పిల్ల నవ్వు వినడం అదే మొదటిసారి. ఘాట్ రోడ్డు మలుపుల్లో మా అబ్బాయి అద్దంలోంచి వెనక్కి చూస్తూ నడుపుతున్నాడు. రోడ్డు చూసి నడపరా అన్నాను.

మనవరాలు మాత్రం తన స్టాపు వాడుకోలేదు. వెళ్ళేటప్పుడు అడిగితే తర్వాతంది. కాఫీ తోటల దగ్గర అడిగితే ఇక్కడ కాదంది. తిరుగు దారిలో వైజాగ్ బీచ్ దగ్గర తమ్ముడు బతిమాలాడు.

"నువ్వెలాగూ వాడుకోవు కదక్కా, నాకిచ్చెయ్యవే."

"ఇచ్చుకోకూడదు. అమ్మమ్మ రూలు."

"అమ్మమ్మా, చెప్పవా దానికి!"

"నా చేతిలో లేదురా. పెట్టాక నేనూ దాటకూడదు" అంది ఆవిడ.

తుని దాటాం, అన్నవరం దాటాం. హైవే దిగాం. పిఠాపురం అని ఈసారి ఊరు దాటకముందే చదివేశాను. మా అబ్బాయి కారు నెమ్మదిగా పోనిచ్చాడు. కూతురి స్టాపు వాడికీ గుర్తుంది. "ఎక్కడ ఆపనమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది. కాకినాడ కూడా అయిపోయింది.

దీపాలు పెట్టే వేళకి మా వీధిలోకి వచ్చి ఇంటి ముందు ఆగాం. మా అబ్బాయి ఇంజను కట్టేశాడు. మా కోడలు తలుపు మీద చెయ్యి వేసింది.

"ఎవరూ దిగకండి" అంది మనవరాలు. "నా స్టాపు ఇదే."

 మా కోడలు తలుపు మీదినుంచి చెయ్యి తీసేసింది. మనవడికి ఆకలి. నోరు తెరవబోయి మూసేశాడు. మా ఇంటి ముందే, మా గేటుకి ఎదురుగా, ఆగిపోయిన కారులో అందరం కూర్చున్నాం. లోపల మామిడిపళ్ళ వాసన, తడి తువ్వాళ్ళ వాసన. టైలరమ్మ మిషను ఆపి బయటికి వచ్చింది. అద్దం దగ్గర వంగి చూసింది.

"ఏమైందండీ, తలుపు పట్టేసిందా?"

"లేదమ్మా, ఊళ్ళో లేం" అన్నాను నేను.

ఆవిడ నన్నొకసారి చూసి, వెళ్ళి మళ్ళీ మిషను తొక్కుకుంది.  తర్వాత మనవడు, గుహలో తను అరిచినప్పుడు వాళ్ళ నాన్నే ముందు భయపడ్డాడన్నాడు. నేను భయపడలేదన్నాడు మా అబ్బాయి. భయపడ్డారు, నా చెయ్యి పట్టుకున్నారంది మా కోడలు. అలా కాసేపు ఆ మూడు రోజులూ మళ్ళీ తిరిగాం. మా వదినగారు కాళ్ళు సీటు మీదికి తీసుకుని బాసింపట్టు వేసుకుంది. ఇంకా చాలా దూరం పోవాల్సినట్టు కూర్చుంది. మనవరాలు మా ఇద్దరి మధ్యా కూర్చుని ఒక్కొక్కరి మొహమే చూస్తోంది. ఏడ్చిందా అంటారా? ఏడవలేదు. ఏడిస్తే రాసేదాన్ని.

వీధి దీపం వెలిగింది. ఆ పిల్ల గట్టిగా ఊపిరి పీల్చింది.

"సరే, చాలు" అంది.

తలుపు తనే తీసింది. అందరికంటే ముందు దిగి, మిగతావాళ్ళం దిగేదాకా దాన్ని పట్టుకుని నిలబడింది.